జోన్ డిఫెన్స్ ఎక్కడ చిరుగుతుంది? కాలేజీ బాస్కెట్‌బాల్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి వచ్చిందంటే అమెరికాలో ఉన్న మనవాళ్ల ఆఫీసుల్లో కూడా ఎన్‌సీఏఏ కాలేజీ టోర్నమెంట్లో ఎవరు గెలుస్తారో ఊహించి రాసే చార్టులు, అంటే బ్రాకెట్లు, నింపే గోల మొదలవుతుంది. ఏడాదంతా బాస్కెట్‌బాల్ చూడనివాళ్లు కూడా ఆ మూడు వారాలు టీవీకి అతుక్కుపోతారు. అప్పుడు నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటుంది. "అన్నా, వీళ్లు జోన్ ఆడుతున్నారంటున్నారు, అవతలివాళ్లు ఇరవై సెకన్లు బయటే బంతి తిప్పుకుంటున్నారు, ఇంత బాగా పనిచేస్తుంటే అందరూ ఇదే ఆడొచ్చు కదా?" జవాబు ప్రతిసారీ ఫోన్‌లో చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. నాకు జోన్ అంటే చిరాకేమీ లేదు, చూడ్డానికి ఇష్టం కూడా. కానీ దాన్నే నమ్ముకుని సీజన్ మొత్తం నడిపే రోజులు పోయాయనే నా అభిప్రాయం. ఎందుకో కింద చదవండి.

అసలు జోన్ డిఫెన్స్ అంటే ఏంటి?

మ్యాన్ టు మ్యాన్‌లో ప్రతి ఒక్కడికీ ఒక మనిషిని అప్పగిస్తారు. వాడు ఎటు పోతే నువ్వు అటు పోవాలి. జోన్‌లో మనిషిని కాదు, చోటును అప్పగిస్తారు. నీ చోట్లోకి ఎవడొస్తే వాడు నీ వాడు, దాటిపోతే పక్కవాడి బాధ్యత. క్రికెట్ ఫీల్డింగ్ గుర్తు చేసుకోండి, కవర్స్‌లో నిలబడినవాడు బ్యాట్స్‌మన్ వెంట తిరగడు కదా, తన వైపు వచ్చిన బంతి చూసుకుంటాడు. ఫీల్డర్ల మధ్య గ్యాప్ ఎక్కడుందో చూసి కొట్టడం బ్యాట్స్‌మన్ పని. జోన్ మీద ఆడటం కూడా అచ్చం అదే.

ఇంకో పోలిక చెప్తాను, ఇది బాగా పట్టుబడుతుంది. పెళ్లిలో బంతి భోజనాలప్పుడు సాంబారు బకెట్లు పట్టుకుని ఇద్దరు బయల్దేరతారు, ఒకడు ఈ చివర నుంచి, ఇంకొకడు ఆ చివర నుంచి. సరిగ్గా మధ్యలో కూర్చున్నవాడి ఆకులోకి సాంబారు రాదు. వీడు వేశాడనుకుని వాడు, వాడు వేశాడనుకుని వీడు వెనక్కి తిరిగిపోతారు. జోన్‌లో ఆ మధ్యలో కూర్చున్నవాడే ఖాళీగా దొరికే షూటర్. తేడా ఒక్కటే, ఆకు ముందు కూర్చున్నవాడు ఆకలితో ఉంటాడు, ఈ షూటర్ పండగ చేసుకుంటాడు.

2-3 అంటారు, 1-3-1 అంటారు, ఈ అంకెలేంటి?

బుట్టకి దూరంగా ఉన్న వరస నుంచి లెక్క. 2-3 అంటే ముందు ఇద్దరు గార్డులు, వెనక ముగ్గురు, ఆ ముగ్గురిలో ఇద్దరు రెండు పక్కల, ఒకడు బుట్ట ముందు. 3-2 దీనికి తిరగేసింది. 1-3-1లో కొనన ఒకడు, నడుమ ముగ్గురు అడ్డంగా, వెనక ఒక్కడే. కాలేజీల్లో ఎక్కువగా కనిపించేది 2-3, కాబట్టి కింద ఏ పేరూ చెప్పకుండా జోన్ అన్నానంటే 2-3 అనే అనుకోండి.

మరి దీని అన్నిటికంటే పెద్ద బలహీనత ఏది? మూడు పాయింట్ల షాట్లేనా?

అందరూ అదే అనుకుంటారు, దూరపు గీత బయటి నుంచి వేస్తే రెండుకి బదులు మూడు పాయింట్లు వస్తాయి కాబట్టి. నన్నడిగితే మొదటి చిరుగు నడిమధ్యన, ఫ్రీ త్రో లైన్ (ఫౌల్ అయితే నిలబడి షాట్ వేసే గీత) దగ్గర ఉంది. దాన్నే హై పోస్ట్ అంటారు. ముందు ఇద్దరు గార్డుల వీపు వెనక, బుట్ట ముందున్న పెద్దోడికి ఎదురుగా, ఎవరిదీ కాని చిన్న చోటు అది. అక్కడ ఒక మనిషి బంతి అందుకుని బుట్ట వైపు తిరిగాడంటే జోన్‌లో ఐదుగురికీ ఒకేసారి టెన్షన్ మొదలవుతుంది. పెద్దోడు ముందుకొస్తే అతని వెనక బుట్ట ఖాళీ. రాకపోతే పదిహేను అడుగుల నుంచి హాయిగా షాట్. వెనక వరసలో పక్కవాడు లోపలికి జరిగితే ఆ పక్క మూల ఖాళీ. గార్డులు వెనక్కి వంగితే బయట షూటర్ ఖాళీ. చాలని దుప్పటి తల మీదికి లాగితే కాళ్లు బయటపడినట్టు.

దీనికి నేనెప్పుడూ చెప్పే ఉదాహరణ 2013 ఫైనల్ ఫోర్ (టోర్నమెంట్ సెమీఫైనల్స్), అట్లాంటాలో, మిషిగన్ యూనివర్సిటీ మీద సిరక్యూజ్ యూనివర్సిటీ. సిరక్యూజ్ అంటే 2-3 జోన్, 2-3 జోన్ అంటే సిరక్యూజ్, కోచ్ జిమ్ బేహైమ్. ఆ టోర్నమెంట్లో వాళ్ల జోన్ ఎవరికీ ఊపిరాడనివ్వలేదు, టాప్ సీడ్ (టోర్నమెంట్ ర్యాంకుల్లో మొదటి వరస) ఇండియానా 50 పాయింట్ల దగ్గర ఆగిపోయింది, తర్వాతి మ్యాచ్‌లో మార్కెట్ (Marquette) యూనివర్సిటీకి మొత్తం మీద 39 పాయింట్లే. మిషిగన్‌కి ట్రే బర్క్ ఉన్నాడు, ఆ ఏడాది దేశంలో ఉత్తమ ఆటగాడు. ఆ జోన్ అతన్ని నిజంగానే కట్టేసింది, ఏడు పాయింట్లే. అయినా మిషిగన్ 61-56తో గెలిచింది. ఎలాగంటే, మిచ్ మెక్‌గారీ అనే మొదటి సంవత్సరం కుర్రాణ్ని, పొడుగూ లావూ ఉన్న సెంటర్‌ని, తీసుకెళ్లి ఆ నడి చోట్లో నిలబెట్టారు. మామూలుగా అలాంటివాణ్ని బుట్ట కింద పెడతారు. వాడు అక్కడ బంతి అందుకోవడం, తిరగడం, చూడటం, పాస్ ఇవ్వడం. 10 పాయింట్లు, 12 రీబౌండ్లు (తప్పిన షాట్లు పట్టుకోవడం) సరే, అసలు చూడాల్సిన అంకె 6 అసిస్టులు, అంటే షాట్ పడేలా ఇచ్చిన పాస్‌లు. ఒక సెంటర్‌కి. కట్టేసిన గార్డు చేతిలో లేని తాళంచెవి ఆ పెద్దోడి చేతిలో ఉంది.

ఇప్పటి కాలేజీ ఆటలో ఇంకా కష్టం ఏమిటంటే అలా పాస్ ఇవ్వగల పెద్దోళ్లు ఎక్కడ చూసినా ఉన్నారు. ఒకప్పుడు సెంటర్ అంటే వీపు బుట్ట వైపు పెట్టి తోసుకుంటూ వెళ్లేవాడు. ఇప్పుడు చిన్నప్పటి నుంచే అందరికీ డ్రిబుల్, పాస్, బయటి షాట్ నేర్పుతున్నారు.

మూలలు ఎందుకంత ఇబ్బంది?

నడక దూరం వల్ల. కోర్టు వెడల్పు 50 అడుగులు. వెనక వరసలో పక్కనున్నవాడికి రెండు పనులు, బుట్ట పక్కన కాపు కాయాలి, బంతి మూలకి వెళ్తే అక్కడికీ పరిగెత్తాలి. బంతి అవతలి వైపు ఉన్నప్పుడు అతను లోపలికి జరిగి ఉంటాడు. సరిగ్గా అప్పుడే ఆ కొస నుంచి ఈ కొసకి తలల మీదుగా ఒక పాస్ వస్తుంది, దాన్నే స్కిప్ పాస్ అంటారు. ఇక వాడు లోపల నుంచి మూల దాకా ఉరకాలి. ఉరికి చేరేలోపు షాట్ గాల్లో ఉంటుంది. ఆగలేక మీద పడితే షూటర్ ఒక్క పంప్ ఫేక్ ఇచ్చి (వేస్తున్నట్టు నటించి) బుట్ట వెనక గీత, అంటే బేస్‌లైన్, పక్క నుంచి లోపలికి పోతాడు.

కబడ్డీ చూసేవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రైడర్ ఎటు కదిలితే ఏడుగురూ అటు కదులుతారు, కార్నర్‌లో ఉన్నవాడు మెల్లగా మూసుకొస్తాడు. జోన్ కూడా అలాగే ఒక్క శరీరంలా కదలాలి. కాకపోతే కబడ్డీలో రైడర్ ఎగిరి అవతలి మూలకి పోలేడు. ఇక్కడ బంతి పోతుంది.

ఇదే మూల సిరక్యూజ్‌కి ఒక చాంపియన్‌షిప్ కూడా ఇచ్చింది, అది చెప్పకపోతే అన్యాయం. 2003 ఫైనల్, న్యూ ఆర్లీన్స్, ఎదురుగా కాన్సస్. సిరక్యూజ్ 81-78తో ముందుంది, క్షణాలే మిగిలాయి. కాన్సస్ ఆటగాడు మైకేల్ లీ మూలలో ఖాళీగా దొరికాడు, జోన్‌లో ఎప్పుడూ దొరికే అదే ఖాళీ. హకీమ్ వారిక్ లోపల నుంచి రెండు అంగల్లో అక్కడికి చేరి, చెయ్యి చాచి ఆ షాట్‌ని బయటికి కొట్టేశాడు. అంతకు కొన్ని సెకన్ల ముందే ఇదే వారిక్ రెండు ఫ్రీ త్రోలు పోగొట్టాడు, ఆ బ్లాక్ లేకపోతే జీవితాంతం ఆ రెండింటి గురించే అడిగేవాళ్లు. సిరక్యూజ్ అభిమానులు ఇప్పటికీ ఆ ఫొటో పెట్టుకుంటారు. నేను మాత్రం దాన్ని జోన్ గొప్పతనంగా చూడను. వారిక్ చేతుల పొడవు గొప్పతనం అది. ఆ చేతులు మామూలుగా ఉండి ఉంటే మ్యాచ్ ఓవర్‌టైమ్‌కి వెళ్లేదేమో. పైగా ఆ రాత్రి కాన్సస్ వేసిన 30 ఫ్రీ త్రోల్లో 12 మాత్రమే పడ్డాయి, ఆ సంగతి మాత్రం ఎవరూ గోడ మీద అతికించుకోరు.

మూడు పాయింట్ల లైన్ దూరం జరిపారు కదా. జోన్‌కి మేలు జరిగి ఉండాలే?

చాలామంది అలాగే అనుకున్నారు. కాలేజీ పురుషుల ఆటలో ఈ లైన్ 1986-87 సీజన్‌లో 19 అడుగుల 9 అంగుళాల దగ్గర వచ్చింది. 2008-09లో ఒక అడుగు వెనక్కి జరిపారు. 2019-20లో అంతర్జాతీయ దూరానికి, అంటే 22 అడుగుల 1.75 అంగుళాలకి తెచ్చారు. షాట్ కష్టమవుతుంది కాబట్టి జోన్ ఆడేవాళ్లు నవ్వుకోవాలి.

కానీ రెండో వైపు కూడా చూడండి. షూటర్ వెనక్కి జరిగితే కాపు కాసేవాడు కూడా జరగాలి. మొదటి లైన్‌తో పోలిస్తే ఇప్పుడు రెండడుగుల పైచిలుకు ఎక్కువ దూరం సాగాలి, అదీ చుట్టూరా. మనుషులు మాత్రం ఆ ఐదుగురే. ముందు గార్డులు పైకి సాగితే వాళ్ల వెనక ఆ నడిమి చోటు ఇంకా పెద్దదవుతుంది. అంటే లైన్ దూరం జరగడం వల్ల బయటి షాట్ కొంచెం కష్టమైంది కానీ లోపలి చిరుగు ఇంకాస్త వెడల్పయింది. కుర్రాళ్లు కూడా ఊరుకోలేదు, ఇప్పుడు లైన్‌కి నాలుగడుగుల అవతల నుంచి వేసేవాళ్లు ప్రతి టీంలో ఒకడైనా ఉంటాడు.

లెక్క కూడా చిన్నదే. వంద మూడు పాయింట్ల షాట్లలో 34 పడితే 102 పాయింట్లు. వంద రెండు పాయింట్ల షాట్లలో 50 పడితే వందే. అంటే మూడింట ఒకటి వేసే సాదాసీదా షూటర్ కూడా, లోపల సగం షాట్లు వేసేవాడితో సమానం. జోన్ మొదటి నుంచీ ఒక పందెం మీద నిలబడి ఉంది, "లోపలికి రానివ్వం, కావాలంటే దూరం నుంచి వేసుకోండి" అని. మూడు పాయింట్ల లైన్ లేని రోజుల్లో, ప్రతి టీంలో ఒకడో ఇద్దరో మాత్రమే షూటర్లున్న రోజుల్లో అది మంచి పందెం. ఐదుగురిలో నలుగురు వేయగలిగితే?

రీబౌండ్ల గురించి అందరూ ఎందుకు అంత గొడవ చేస్తారు?

గొడవ చేయాల్సిందే. షాట్ గాల్లోకి లేవగానే మ్యాన్ టు మ్యాన్‌లో ప్రతివాడికీ పక్కనే తన మనిషి ఉంటాడు, తిరిగి వీపుతో అడ్డుకుంటాడు, దాన్ని బాక్స్ అవుట్ అంటారు. జోన్‌లో ఉన్నవాడు షాట్ లేచాక "నా మనిషెవడు?" అని వెతుక్కోవాలి. ఆ అరక్షణం చాలు, అవతలివాడు పరిగెత్తుకొచ్చి ఎగరడానికి. దూరం నుంచి వేసిన షాట్లు తప్పితే బంతి కూడా దూరంగా పడుతుంది, ఎవరి చోట్లో పడుతుందో ముందే చెప్పలేం.

2018లో డెట్రాయిట్‌లో సిరక్యూజ్, మిషిగన్ స్టేట్ మ్యాచ్ చూసి ఉంటే మీకు నేను వేరే చెప్పక్కర్లేదు. మిషిగన్ స్టేట్ 66 షాట్లు వేసింది, 17 పడ్డాయి. మూడు పాయింట్లవి 37 వేస్తే 8 పడ్డాయి. తప్పిన తమ షాట్లలో 29 మళ్లీ తామే పట్టుకున్నారు. ఇరవై తొమ్మిది! ఒక మ్యాచ్‌లో పన్నెండు వస్తేనే కోచ్‌లు సంబరపడతారు. అయినా సిరక్యూజ్ 55-53తో గెలిచింది. ఆ మ్యాచ్ తర్వాత అందరూ జోన్‌ని ఆకాశానికెత్తారు. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది, ఆ 29లో ఇంకో రెండు పడి ఉంటే ఆ కథే వేరు.

గెలిచారు కదా, మరి? ఎదుటివాళ్లు షాట్లు తప్పారంటే అది డిఫెన్స్ గొప్పతనమే కదా?

కొంత అవును, చాలావరకు కాదు. కాలేజీ బాస్కెట్‌బాల్ లెక్కలు చూసే కెన్ పోమరాయ్ ఈ విషయం ఏళ్ల క్రితమే తేల్చి చెప్పాడు. ప్రత్యర్థి ఎన్ని మూడు పాయింట్ల షాట్లు వేస్తాడన్నది డిఫెన్స్ చేతిలో బాగానే ఉంటుంది కానీ వేసినవాటిలో ఎన్ని పడతాయన్నది దాదాపు దాని చేతిలో ఉండదు. జోన్ ఈ సూత్రానికి అడ్డంగా ఆడుతుంది, ఎక్కువ వేయనిచ్చి, తక్కువ పడాలని కోరుకుంటుంది. ఒక రాత్రి 37లో 8 పడతాయి, ఇంకో రాత్రి అదే టీం 30లో 14 వేస్తుంది, మీరు చేసింది రెండుసార్లూ ఒక్కటే. వర్షాధారం సేద్యం లాంటిది, పండిన ఏడు బాగానే ఉంటుంది.

ఫాస్ట్ బ్రేక్ సంగతి?

జోన్ కాపు కాయాలంటే ముందు జోన్ అక్కడికి చేరాలి. ఐదుగురూ వెనక్కి వచ్చి ఎవరి చోట్లో వాళ్లు నిలబడేలోపే బంతి బుట్ట దగ్గర ఉంటే ఏ అంకెలైనా ఒకటే. 2019లో వాషింగ్టన్ యూనివర్సిటీని నార్త్ కరోలైనా 81-59తో ఓడించిన మ్యాచ్ చూడండి. వాషింగ్టన్ అప్పటి కోచ్ మైక్ హాప్కిన్స్, బేహైమ్ దగ్గర ఏళ్ల తరబడి అసిస్టెంట్‌గా ఉన్నాడు, ఆ జోన్‌ని అలాగే పట్టుకెళ్లాడు. ముందు గార్డు మాటిస్ థైబుల్, ఆ ఏడాది దేశంలో ఉత్తమ డిఫెండర్, జోన్‌లో అతను చేసినంత దొంగతనం ఇంకెవరూ చేయలేదేమో అనిపించేది. తమ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచారు కూడా. నార్త్ కరోలైనాది మాత్రం పరుగెత్తే టీం, తప్పిన షాట్ అందుకున్నా, పడిన షాట్ తర్వాతైనా, ఒకటే పరుగు. కుదురుకున్న జోన్‌తో తలపడాల్సిన అవసరమే చాలాసార్లు వాళ్లకి రాలేదు.

ఓవర్‌లోడ్ అంటే?

ఒకే పక్కకి నలుగుర్ని పంపడం. ఆ పక్క కాపు కాసేవాళ్లు ముగ్గురే, ఇద్దరు గార్డుల్లో ఒకడు, వెనక పక్కవాడు, పెద్దోడు. నలుగురికి ముగ్గురు సరిపోరు, బంతి ఒకటి రెండు చేతులు మారేసరికి ఎవడో ఒకడు ఖాళీ. సరే అని జోన్ మొత్తం అటు జరిగితే ఐదోవాడు అవతల ఒంటరిగా చేతులూపుతుంటాడు.

దీనికి తోడు ఇప్పుడు జోన్‌కి కూడా స్క్రీన్లు పెడుతున్నారు. పైనున్న గార్డుకి అడ్డంగా ఒకణ్ని నిలబెట్టి, డ్రిబుల్ చేసేవాడు ఆ సందులోంచి దూరతాడు. లేదా వెనక పక్కవాడిని లోపలే ఆపేసి, వాడు పరిగెత్తాల్సిన మూలకి స్కిప్ పాస్ వేస్తారు. పాత రోజుల్లో "జోన్ మీద స్క్రీన్ ఎందుకు, మనిషి వెంట మనిషే లేడుగా" అనేవాళ్లు. వీడియోలు చూసి చూసి అసిస్టెంట్ కోచ్‌లు ఎవడు ఏ క్షణాన ఎటు అడుగేస్తాడో కూడా రాసి పెడుతున్నారు.

1-3-1, మ్యాచప్ జోన్ అయినా మేలా?

1-3-1 చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, పొడుగు చేతులవాళ్లుంటే పాస్‌లు ఎత్తుకుపోతారు, కోచ్ జాన్ బీలైన్ వెస్ట్ వర్జీనియాలో దీంతోనే పేరు తెచ్చుకున్నాడు. కానీ వెనక ఒక్కడే ఉంటాడు, ఈ మూల నుంచి ఆ మూల దాకా వాడే. బంతిని ఓపిగ్గా మూలల మధ్య తిప్పితే వాడి పని అయిపోతుంది.

మ్యాచప్ జోన్ తెలివైంది. జోన్‌లా మొదలై, నీ చోట్లోకి వచ్చినవాణ్ని కాసేపు మ్యాన్‌లా పట్టుకుని, దాటాక పక్కవాడికి అప్పగించడం. టెంపుల్ యూనివర్సిటీలో జాన్ చేనీ దీన్ని ఏళ్ల తరబడి ఆడించాడు, ఎదుటివాళ్లకి ఇది జోనో మ్యానో తేల్చుకోవడానికే సగం మ్యాచ్ అయ్యేది. దీని చిక్కు మాటల్లో ఉంది. ఐదుగురూ నోరు మూయకుండా అరుస్తూ ఉండాలి, ఒక్కడు ఒక్కసారి చెప్పడం మర్చిపోతే లేఅప్, అంటే బుట్ట పక్కన తేలిక షాట్. ఏటా సగం టీం మారిపోయే ఈ రోజుల్లో అంత అవగాహన ఎప్పుడు కుదురుతుంది?

స్కోరులో వెనకబడితే జోన్ ఏం చేస్తుంది?

ఏమీ చేయలేదు, అదే బాధ. అవతలివాళ్లు ముందుంటే తొందరేముంది, 30 సెకన్లూ బయటే తిప్పుకుంటారు. షాట్ క్లాక్ (షాట్ వేయాల్సిన గడువు) 45 నుంచి 35కి, 2015-16లో 30కి తగ్గడం జోన్‌కి కలిసొచ్చిన మాట నిజమే, ఆలోచించే సమయం తగ్గింది. కానీ ముందున్న టీంకి గడియారం స్నేహితుడే. 2016లో సిరక్యూజ్ టాప్ సీడ్ వర్జీనియా మీద రెండో సగంలో 15 పాయింట్లు వెనకబడి, చివరికి 68-62తో గెలిచి ఫైనల్ ఫోర్‌కి వెళ్లింది. ఆ మలుపు ఎలా వచ్చింది? కూర్చున్న జోన్ వదిలేసి కోర్టంతా ప్రెస్ చేసి, అంటే అవతలి కొస నుంచే మీద పడి. బేహైమ్ అంతటివాడే అవసరం వచ్చినప్పుడు తన 2-3ని పక్కన పెట్టాడు.

జోన్ అంటే బద్ధకస్తుల డిఫెన్స్ అంటారు. నిజమేనా?

ఈ మాట నాకు నచ్చదు. మంచి జోన్ మ్యాన్ టు మ్యాన్ కంటే ఎక్కువ అలుపు తెప్పిస్తుంది, వెనక పక్కవాణ్ని ఒక్క మ్యాచ్ గమనించి చూడండి. బద్ధకస్తులు జోన్ ఆడతారు, ఆ మాట మాత్రం నిజం, నేనే సాక్ష్యం. ఎమ్మెస్ చదివే రోజుల్లో క్యాంపస్ జిమ్ లీగ్‌లో మా తెలుగు కుర్రాళ్ల టీం ఒకటి దింపాం. ఐదుగురిలో ఇద్దరికి తప్ప ఆట రాదు, అందరికీ పది నిమిషాలకే ఆయాసం. "మ్యాన్ ఆడితే చస్తాం రా, జోన్ వేద్దాం" అన్నాడు మా కెప్టెన్. మొదటి ఐదు నిమిషాలు మేం 9-4తో ముందున్నాం, మా అంత మొనగాళ్లు లేరనుకున్నాం. అప్పుడు అవతలి టీం వాళ్లు కళ్లజోడు పెట్టుకున్న బక్కపలచని కుర్రాడొకణ్ని దింపారు. వాడు నడుచుకుంటూ వచ్చి ఫ్రీ త్రో లైన్ మీద నిలబడ్డాడు. అంతే. మ్యాచ్ మొత్తం మీద వాడు వేసిన షాట్లు మూడో నాలుగో. బంతి అందుకోవడం, మా పెద్దోడి మొహం చూడటం, మావాడు ఎటు ఊగితే దానికి రెండో వైపు పాస్ ఇవ్వడం. నేను వెనక వరసలో కుడిపక్క. మూలకి పరిగెత్తి, వెనక్కి వచ్చి, మళ్లీ మూలకి పరిగెత్తి, సగం ఆట అయ్యేసరికి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని "ఒరేయ్, వాణ్నెవడైనా పట్టుకోండ్రా" అని అరుస్తున్నాను. "నీ దగ్గరేగా ఉన్నాడు" అని గార్డు, "నాది కాదు, నీది" అని నేను. ఇరవై పైచిలుకు తేడాతో ఓడిపోయాం. నాకు జోన్ అర్థమైంది ఆ సాయంత్రమే.

మరి బేహైమ్ 47 సీజన్లు ఎలా నెగ్గుకొచ్చాడు?

మొదటిది, ఎంపిక. ముందు ఇద్దరూ ఆరడుగుల నాలుగైదు అంగుళాలు, వెనక ముగ్గురూ ఇంకా పొడుగు, అందరికీ చాచిన చేతులు. జోన్ కోసమే కుర్రాళ్లని వెతికేవాడు. రెండోది, సాధన. మిగతావాళ్లు వారంలో పావుగంట జోన్ చేస్తే వీళ్లు రోజూ అదే.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది, క్యాలెండర్. మార్చి టోర్నమెంట్లో గురువారం గెలిస్తే శనివారం మ్యాచ్, మధ్యలో ఒక్క రోజు. ఏడాదంతా మ్యాన్ మీద ఆడిన టీం ఆ ఒక్క రోజులో ఆ పొడుగు చేతుల జోన్‌కి సిద్ధం కావాలి, ప్రాక్టీసులో అలాంటి జోన్ తయారుచేసి చూపించడానికి అంత పొడుగు రిజర్వులు ఎవరి దగ్గరా ఉండరు. అందుకే 2016లో 10వ సీడ్‌గా ఫైనల్ ఫోర్, 2018లోనూ 2021లోనూ 11వ సీడ్‌గా చివరి పదహారు. అదే సొంత లీగ్‌లో, ఏటా చూసే కోచ్‌ల ముందు, ఆ చివరి ఏళ్లలో ఆ జోన్ మామూలు డిఫెన్సే. తెలిసినవాడికి తాళం తాళమే కాదు. 2023లో ఆయన తప్పుకున్నాక వచ్చిన ఏడ్రియన్ ఆట్రీ, ఆయన దగ్గరే ఆడినవాడు, ఆయన దగ్గరే పనిచేసినవాడు, వచ్చీ రాగానే టీంని మ్యాన్ టు మ్యాన్ వైపు మళ్లించాడు. ఇంతకు మించిన తీర్పు నేనేం ఇవ్వగలను?

జోన్ వదిలి బాగుపడ్డవాళ్లున్నారా?

బేలర్. కోచ్ స్కాట్ డ్రూ ఏళ్ల తరబడి జోన్ ఆడించాడు, బాగానే ఉండేది, బాగానే అంతే. 2019-20 నుంచి మ్యాన్‌కి మారాడు, దానికి ఒకే నియమం, బంతిని నడిమికి పోనివ్వొద్దు, ఎలాగైనా పక్కలకే తోయాలి. జోన్‌లో చిరిగే చోటు ఏదో దానికే ముందు తలుపేసేశాడన్నమాట. 2021 ఫైనల్లో అప్పటిదాకా ఓటమి ఎరుగని గొంజాగాని 86-70తో ఓడించి చాంపియన్లయ్యారు. మంచి ఆటగాళ్లున్నారు కాబట్టి గెలిచారని మీరనొచ్చు, నేనూ ఒప్పుకుంటాను.

ఎన్‌బీఏలో కూడా ఇదే పరిస్థితా?

అక్కడ ఇంకో చిక్కు. 2001-02 సీజన్ మొదలయ్యే వరకు జోన్ నిషేధం, తర్వాత అనుమతించారు కానీ ఎవరినీ కాపు కాయకుండా పెయింట్‌లో (బుట్ట ముందు రంగేసిన చోట్లో) మూడు సెకన్లకు మించి నిలబడకూడదన్న రూల్ పెట్టారు. కాలేజీలో ఆ రూల్ లేదు, పెద్దోడు బుట్ట ముందు గుడారం వేసుకుని కూర్చోవచ్చు. కాలేజీ జోన్ ఇన్నాళ్లు బతికింది చాలావరకు ఈ వెసులుబాటు వల్లే.

అయితే జోన్ పూర్తిగా పనికిరాదంటారా?

అనను. టైమ్ అవుట్ తర్వాత రెండు మూడు పొసెషన్లు (ఎదుటివాళ్ల చేతికి బంతి వచ్చిన సార్లు) వేసి ఎదుటి కోచ్ గీసిన ప్లాన్ పాడుచేయడానికి, పెద్దోడికి నాలుగు ఫౌల్స్ అయినప్పుడు కాపాడుకోవడానికి, షూటర్లు లేని టీం దొరికినప్పుడు, ఇలాంటప్పుడు భేషుగ్గా ఉంటుంది. పచ్చడి లాంటిది, కంచంలో ఒక పక్కన ఉండాలి. 2017-18లో డ్యూక్ కూడా, మైక్ షషెఫ్‌స్కీ అంతటి మ్యాన్ టు మ్యాన్ భక్తుడు, కుర్రాళ్లకి మ్యాన్ పట్టుబడట్లేదని సీజన్ మధ్యలో జోన్‌కి మారాడు. ఆ మార్చిలో సిరక్యూజ్‌తో తలపడినప్పుడు రెండు వైపులా జోనే, డ్యూక్ 69-65. అంతకుముందు ఏళ్లలో ఎవరైనా ఇలా జరుగుతుందని చెబితే నవ్వి ఉండేవాళ్లం.

టీవీలో చూస్తూ జోన్ విరిగిపోతోందని ఎలా కనిపెట్టాలి?

బంతిని వదిలేయండి. బుట్ట ముందున్న పెద్దోడి పాదాలు చూడండి. ఆట మొదట్లో అతను పెయింట్‌లో స్థిరంగా నిలబడి రెండు వైపులకీ వేలు చూపిస్తూ అరుస్తుంటాడు. ఎదుటివాళ్లు నడిమికి రెండుసార్లు బంతి చేర్చాక ఒక అడుగు ముందుకేసి మళ్లీ వెనక్కి తీసుకోవడం మొదలుపెడతాడు. ఆ తర్వాత గార్డులు వెనక్కి తిరిగి చూసుకుంటుంటారు, తమ వీపు వెనక ఎవరున్నారా అని. ఇక వెనక వరసలో పక్కవాడు మూల నుంచి తిరిగొచ్చేటప్పుడు పరుగు మానేసి నడుస్తున్నాడంటే, కోచ్ టైమ్ అవుట్ అడగడానికి లేస్తున్నాడో లేదో బెంచ్ వైపు చూడండి. లేవలేదంటే తర్వాతి షాట్ ఆ మూల నుంచే.